బండి ఎత్తేస్తే బజారు బాగుపడుతుందా?

"ఈ బండ్లవాళ్ళు రోడ్డంతా ఆక్రమించేస్తున్నారండీ, నడవడానికి చోటే లేదు!" ఈ మాట అనేవాళ్ళలో మనమే ముందుంటాం. తీరా సాయంత్రం పిల్లలు ఆకలంటే, చేతికి డబ్బులిచ్చి పునుగులకో బజ్జీలకో పంపేదీ మనమే. మనకి బజ్జీ కావాలి, బండి మాత్రం అక్కర్లేదు. ఇదేం న్యాయం?

నరసన్నపేట లాంటి ఊరికి చుట్టుపక్కల పల్లెల నుంచి బట్టలకీ, బంగారానికీ జనం వస్తారు. పొద్దున్న బస్సు దిగినవాళ్ళు సాయంత్రం దాకా ఏం తినాలి? అందరికీ హోటల్లో కూర్చుని తినే స్తోమతు ఉంటుందా? వాళ్ళ ఆకలి తీర్చేది ఆ ఇడ్లీ బండే. దాని వెనక చాలాసార్లు ఉండేది ఓ ఆడమనిషి. తెల్లవారకముందే లేచి పిండి రుబ్బుకుని వచ్చిన మనిషి. ఆమె పొయ్యీ గిన్నెలూ జీపులో పడేసుకుపోతే పోయేది ఆ పూట బేరం ఒక్కటే కాదు, మర్నాటి పెట్టుబడి కూడా.

2024 జనవరిలో హైదరాబాదు మాదాపూర్లో 'కుమారి ఆంటీ' భోజనాల బండిని పోలీసులు ఆపించారు. జనం ఎక్కువై ట్రాఫిక్ ఆగిపోతోందన్నారు. ఊరంతా గోల చేసేసరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుని, అక్కడే అమ్ముకోనివ్వమన్నారు. సంతోషం! కానీ పేరు తెలియని బండి తల్లుల మాటేమిటి? ప్రతి ఇడ్లీ బండికీ ఓ ముఖ్యమంత్రి దిగిరావాలా?

అవసరం లేదు, చట్టం ఉంది. రోడ్డు పక్క వ్యాపారం చేసుకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని, అయితే దానికి కట్టుబాట్లు ఉండొచ్చని, సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే పూర్తికాకుండా ఎవర్నీ లేపకూడదు. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసివ్వాలి. సామాను పట్టుకుంటే జాబితా రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. పట్టణ కమిటీలో నూటికి 40 మంది వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. ఎంత ముచ్చటగా ఉంది! ఇందులో ఎన్ని మన బజారు దాకా వచ్చాయి? పైగా ఆ చట్టం రాసుకున్నది మునిసిపాలిటీల కోసం. పంచాయతీ ఊళ్ళ గతి దేవుడికే ఎరుక.

శుభ్రత ఉండదంటారా? నిజమే, ఉండాలి. అయితే కుళాయీ, చెత్తకుండీ ఇచ్చి అడగండి. లాఠీతో గిన్నెలు శుభ్రపడవు. ట్రాఫిక్ అంటారా? బట్టల దుకాణం ముందు గంటల తరబడి నిలబడే కారు ఎంత చోటు తింటుందో, ఇడ్లీ బండి ఎంత తింటుందో ఓసారి కొలిచి చూడండి. కారు మనది కాబట్టి కనబడదు!

చైనాలోనూ ఇదే కథ. షెన్‌యాంగ్ నగరంలో మాంసపు చువ్వలు అమ్ముకునే ఒకతను 2009లో, తనని పట్టుకున్న నగర సిబ్బందితో గొడవపడి ఇద్దర్ని చంపాడు. 2013లో అతనికి మరణశిక్ష అమలు చేశారు. హత్యని ఎవరూ మెచ్చరు. కానీ అతని కోసం ఆ దేశంలో అంతమంది ఎందుకు బాధపడ్డారో ఆలోచించాలి. అదే చైనాలో 2020లో కరోనా జీవనాధారాలు తుడిచిపెట్టాక, చెంగ్డూ నగరం వీధుల్లో అమ్ముకోండని తనే పిలిచింది. అవసరం పడితే చోటు దొరుకుతుందన్నమాట!

మన బజార్లోనూ దొరుకుతుంది, మనం అడగాలంతే. బండి తీసెయ్యమని అర్జీ పెట్టే ముందు, ఎక్కడ పెట్టుకోమంటారో చెప్పమని ఓ అర్జీ పెడదాం. ఆవిడ చేతి ఇడ్లీ తిన్నవాళ్ళం, ఆ మాత్రం సంతకం చెయ్యలేమా?