వ్రాసినవారెవరు?

పూర్వకవులు ఆశ్వాసాంతంలో గద్య వ్రాసి తమ పేరూ, తండ్రి పేరూ చెప్పుకొన్నారు. క్షేత్రయ్య పదానికి మువ్వగోపాల ముద్ర ఉన్నది. శతకానికి మకుటం ఉండనే ఉన్నది. అయితే ఈ గురుతులన్నిటికీ ఒక లోపం కలదు. అవి రచనలోనే ఉంటవి. కనుక పద్యం కట్టగలవాడెవడైనా వాటిని కూడ కట్టగలడు. వేమన మకుటం తగిలించి ఎందరు తమ ఆటవెలదులను లోకం మీదికి వదిలినారో! 1829లో బ్రౌను దొర వేమన పద్యాలను అచ్చు వేయించిన తరువాత కూడ, ఏది వేమన్నది, ఏది కాదు అన్న తగవు తెగలేదు.

నేడు మన విద్యార్థులు వ్రాసేది కాగితం మీద కొంత, కంప్యూటరులో కొంత. కంప్యూటరులో చేతివ్రాత లేదు. మరి ఈ వ్యాసం ఫలానివాడిదని యంత్రానికి ఎట్లా తెలుస్తుంది? ఉపాయం సామాన్యమైనదే. ఖాతా గల ప్రతివారికీ ఒక సంఖ్య ఉంటుంది. లాగిన్ అయి ఏదైనా వ్రాసి భద్రపరచగానే, పట్టికలో ఆ రచన ప్రక్క గడిలో ఆ సంఖ్య నమోదవుతుంది. పేరు మారవచ్చును గాని సంఖ్య మారదు. ఇందులో కీలకం ఒక్కటే: ఆ సంఖ్యను సర్వరు తన వద్దనున్న లాగిన్ గుర్తు నుండి తానే తీసుకొనవలెను, వ్రాసినవాడు పంపిన ఫారంలో నుండి తీసుకొనరాదు. ఫారంలో కనపడకుండ దాచిన సంఖ్యను మార్చి పంపడం తెలిసినవానికి నిమిషం పని. అట్టి ఫారాన్ని నమ్మిన సర్వరు, మకుటం చూచి ఇది వేమన పద్యమేనని ఒప్పుకొన్న లేఖకుని వంటిది. తపాలా ముద్ర ఉత్తరం వ్రాసినవాడే వేసుకొంటే దానికి విలువేమున్నది?

2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ ‘చరిత్ర’ అనే పుట ఒకటి ఉన్నది. ఎవరు, ఏనాడు, ఏ మాట చేర్చినారో, ఏ మాట తీసినారో అందులో చూడవచ్చును. వ్యాసం మీద ఎవరి పేరూ ఉండదు. వెనుక పుటలో అందరి గురుతులూ ఉంటవి. ఖాతా పేరు మార్చుకొనవచ్చును గాని ఖాతాను తుడిచివేయరు; తుడిచివేస్తే ఆ దిద్దుబాట్లు దిక్కులేనివవుతవి.

ఇంత చక్కని ఏర్పాటును నేను చేతులారా చెడగొట్టినాను. ఒక వేసవిలో పిల్లలచేత తమ ఊళ్ళను గూర్చి వ్రాయించినాను. ఒక్కొక్కరికి ఖాతా తెరవడం తలనొప్పి అనుకొని, నా ఖాతాలోనే అందరినీ కూర్చోబెట్టినాను. ఒక బాలిక జిల్లా గెజెటీరు తిరగవేసి తన ఊరి చెరువును గూర్చి ఎంతో శ్రద్ధగా వ్రాసింది. కొన్ని నెలల తరువాత అన్నగారికి చూపడానికి బడికి తీసుకొనివచ్చింది. చరిత్ర పుట తెరిస్తే నా పేరున్నది.

“మాస్టారూ, ఇది మీరు వ్రాశారా?” అన్నాడతడు. ఆ పిల్ల నా వైపు చూడలేదు.

నిజం నేను చెప్పినాను గాని, చరిత్ర చెప్పలేదు. దానిని దిద్దే వీలు లేదు. చర్చాపుటలో ఇది ఎవరి కృషియో వ్రాసిపెట్టినాను.

నలుబది నిమిషాల పీరియడులో ఇవన్నీ ఎక్కడ సాధ్యమని తోటి ఉపాధ్యాయులు అంటారు. తరగతికంతకూ ఒకే సంకేతపదం, అదీ గోడకు అంటించి ఉండడం నేనెరుగుదును. తుంటరి ఒకడు బూతుమాట వ్రాస్తే అప్పుడు దోషి ఎవరు? పిల్లల అసలు పేర్లు లోకానికి తెలియరాదన్న భయం మాత్రం సబబే. అందుకు మారుపేరు చాలును. సంకేతపదం ఎవరిది వారికి ఉండవలెను.

ఈ ఏడు మా తరగతిలో 36 మందికి 36 ఖాతాలు. ఒకే చోటి నుండి ఒక రోజున కొద్ది ఖాతాలే తెరవనిస్తారు గనుక వారం పట్టినది. అప్పుడే నలుగురు సంకేతపదం మరచినారు.