దేశదేశాల దేవతలు: బందీలైన వేల్పులు

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న కుస్కో నగరం ఒకనాడు ఇన్కా సామ్రాజ్యానికి రాజధాని. ఇన్కా చక్రవర్తులు కొత్తగా ఒక ప్రాంతాన్ని జయించినప్పుడు, అక్కడి ప్రజల ఇలవేల్పును సాధారణంగా ధ్వంసం చేసేవారు కారు. సకల మర్యాదలతో కుస్కోకు తరలించి ఆలయంలో నెలకొల్పేవారు. పూజలు జరపడానికి ఆ ప్రాంతపు మనుషులనే రప్పించేవారు. పైకి ఇది గౌరవమే. కాని ఆ ప్రజలు ఎన్నడైనా తిరుగుబాటు చేస్తే, వారి వేల్పు విగ్రహాన్ని నలుగురి ఎదుటికీ తెచ్చి, తిరుగుబాటు అణిగేవరకు ప్రతిదినమూ కొరడాలతో కొట్టించేవారు. బెర్నబే కోబో అనే జెస్యూట్ మతగురువు 17వ శతాబ్దంలో ఈ ఆచారాన్ని గ్రంథస్థం చేశాడు.

రాతిని బందీగా పట్టి ఉంచితే మనుషులు లొంగి ఉండడమేమిటి? దీనికి సమాధానం వారి సృష్టికథలో దొరుకుతుంది. ఆదిలో అంతా అంధకారం. అప్పుడు విరకోచ అనే సృష్టికర్త టిటికాకా సరస్సు నుంచి వెలువడి, సూర్యచంద్రులను ఆకాశానికి ఎక్కించాడు. మనుషుల రూపాలను రాతితో మలిచి, ఏ జాతి ధరించవలసిన వస్త్రాలను ఆ జాతికి చిత్రించి, వారందరినీ భూగర్భంలోకి పంపాడు. ఆ తరువాత ఒక్కొక్క జాతి ఒక్కొక్క చోట, ఒక గుహలోనుంచో, ఊటలోనుంచో, కొండకొమ్ము నుంచో పైకి వచ్చింది. పని ముగించిన విరకోచ పడమటి సముద్రం మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ గుహ, ఆ ఊట, ఆ కొండ ఆయా జాతులకు పుట్టినిల్లూ దైవమూ అయ్యాయి. ఇటువంటి శక్తి నిండిన దేనినైనా కెచువా భాషలో 'వాకా' అంటారు. కుస్కో పరిసరాలలోనే మూడువందలకు పైగా వాకాలను కోబో పేర్కొన్నాడు.

రాజకుటుంబపు దేవతలది మరింత ఉన్నత పీఠం. సూర్యుని పేరు 'ఇంతి'. తెలుగు చెవికి ఇది వింతగా తోచవచ్చుగాని ఈ ఇంతి పురుషుడు, చక్రవర్తుల వంశకర్త. ఆయన సోదరీ, భార్యా అయిన చంద్రదేవత 'మామ కిల్యా'. కెచువాలో మామ అంటే తల్లి. మన పిల్లలకు మామ అయిన చంద్రుడు అక్కడివారికి అమ్మ. గ్రహణం పట్టినప్పుడు ఆమెకు ప్రాణాపాయం కలిగిందని భయపడి, భేరీలు మోగించి, కుక్కలను కొట్టి అరిపించేవారు. ఉరుముకు అధిపతి ఇల్యాప. అతని చేతిలో వడిసెల ఉంటుంది. సోదరి నీటికుండ పట్టుకొని నిలిచి ఉంటే, అతడు వడిసెల విసిరి దానిని పగలగొడతాడు. ఆ చప్పుడే ఉరుము, ఒలికిన నీరే వాన.

పచాకమాక్ విషయంలో మాత్రం ఇన్కాలు కొంత జంకారు. నేటి లీమా నగరానికి సమీపాన, సముద్రతీరంలో వెలసిన ఈ దేవుడు భవిష్యత్తు చెప్పేవాడని ప్రసిద్ధి. భూకంపాలు కూడా ఆయన కదలికలేనని నమ్మేవారు. ఆయనను కుస్కోకు తరలించకుండా, పక్కనే సూర్యాలయం కట్టించి ఊరుకున్నారు. 1532లో స్పెయిన్ సేనాని ఫ్రాన్సిస్కో పిసారో చేతిలో అతవల్ప చక్రవర్తి బందీ అయినప్పుడు ఒక విచిత్రం జరిగింది. తన విడుదలకు చెల్లించవలసిన బంగారం కోసం అతడే స్పెయిన్ వారిని పచాకమాక్ గుడికి పంపాడు. ఆ దేవుడు అబద్ధాలకోరని అతని ఆగ్రహం: తండ్రి రోగం కుదురుతుందన్నాడు, తండ్రి మరణించాడు, తెల్లవారి మీద గెలుపు నీదేనన్నాడు, తాను చెరలో పడ్డాడు. 1533 జనవరిలో పిసారో సోదరుడు హెర్నాండో అక్కడి చీకటి గర్భగుడిలో ప్రవేశించి, కొయ్య విగ్రహాన్ని చూసి, దానిని పగలగొట్టించాడు. బంగారం అందుకున్న తరువాత కూడా అదే సంవత్సరం అతవల్పను వధించారు. కుస్కోలోని సూర్యాలయం గోడలకు తాపిన బంగారు రేకులను ఊడబెరికారు. ఆ పునాదుల మీద క్రైస్తవ మఠం లేచింది.

కథ అంతటితో ముగిసినట్లే కనిపించింది. కాని 1560వ దశకంలో, వామంగా ప్రాంతపు కొండపల్లెలలో ఒక వార్త వ్యాపించింది. క్రైస్తవుల దేవుని చేతిలో ఓడిన వాకాలు మళ్ళీ లేచాయట. కొన్ని టిటికాకా పక్షాన, కొన్ని పచాకమాక్ పక్షాన చేరి యుద్ధానికి సిద్ధమవుతున్నాయట. రాళ్ళను పగలగొట్టారు కనుక ఇక రాళ్ళలో నివసించవట, మనుషులనే ఆవహిస్తాయట. పూనకం వచ్చినవారు వణుకుతూ, ఆడుతూ, తామే ఫలానా వాకానని ప్రకటించేవారు. చర్చికి పోవద్దని, స్పెయిన్ వారి తిండీ బట్టా ముట్టవద్దని బోధించేవారు. 'తాకి ఒంకోయ్', అనగా ఆటపాటల జబ్బు, అని దీనికి పేరు. క్రిస్తోబల్ దె అల్బొర్నోస్ అనే మతాధికారి పల్లెపల్లె తిరిగి, వేలాదిమందిని శిక్షించి, దీనిని అణచివేశాడు.

1572లో చివరి ఇన్కా రాజు తుపాక్ అమారు పట్టుబడ్డాడు. అడవులలో దాచిన 'పుంచావ్' అనే బంగారు సూర్యప్రతిమ కూడా అప్పుడే శత్రువుల చేతికి చిక్కింది. గతించిన ఇన్కా రాజుల గుండెల పొడిని దాని లోపల నిక్షేపించారని ఆనాటి కథనం. ఇతర ప్రాంతాల వేల్పులను బందీలుగా తెచ్చుకొన్నవారి వేల్పు అలా బందీ అయి, తరువాత జాడ లేకుండా పోయింది.

పచాకమాక్‌లో 1938లో రెండు ముఖాలు గల కొయ్య విగ్రహమొకటి లభించింది. 2.34 మీటర్ల ఈ విగ్రహంపై జరిగిన పరిశోధన 2020లో వెలువడింది. దాని కొయ్య 8వ లేక 9వ శతాబ్దానిదని, దానికి ఒకప్పుడు రంగులు పూశారని తేలింది. ఇన్కాల సామ్రాజ్యం అప్పటికింకా పుట్టలేదు.

సూర్యుని ఉత్సవమైన 'ఇంతి రైమీ'ని 1944లో కుస్కోలో పునరుద్ధరించారు. ఏటా జూన్ 24న నటులు చక్రవర్తి వేషం ధరిస్తారు, జనం వేడుక చూస్తారు. కనులపండువే, అయినా అది నాటకమే. భూదేవి 'పచమామ' సంగతి అటువంటిది కాదు. ఆమెకు బంగారు విగ్రహం లేదు, దోచుకొనిపోవడానికి గుడి లేదు. పెరూ, బొలీవియా దేశాల కొండరైతులు ఆగస్టు మాసంలో నేల ఆకలిగొని ఉంటుందని చెప్పి, గొయ్యి తీసి, కోకా ఆకులూ ఇతర నైవేద్యాలూ అందులో పెడతారు. మొక్కజొన్నతో చేసిన చిచా అనే పానీయాన్ని తాము తాగేముందు, మొదటి చుక్కలు నేల మీద ఒలకబోస్తారు.