వంటింట్లో మన వాటా

విద్యలో వాటా, ఉద్యోగాల్లో వాటా, చట్టసభల్లో వాటా కావాలని మనం ఏళ్ల తరబడి అడుగుతున్నాం. అడగవలసిందే. అయితే మన ఇళ్లలోనే ఒక గది ఉంది. అందులో తమ వాటా తీసుకుంటామని మన మగవాళ్లెవరూ ఇంతవరకు ధర్నాకు కూర్చోలేదు. అది వంటగది.

మనవాళ్లకు వంట రాదని కాదు. వలీమా విందుకు దేగులు ఎక్కించేది, దించేది మగవాళ్లే. వందలమందికి బగారా అన్నం, దాల్చా అలవోకగా వండే బావర్చీ తన ఇంట్లో నలుగురికి పప్పు ఉడకబెట్టడు. కడప నుంచి, నిజామాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన మన పిల్లలు అక్కడ ఒకే గదిలో ఆరుగురు ఎనిమిదిమంది ఉంటూ వంతులవారీగా వండుకుంటారు. రొట్టె కాలుస్తారు, కూర దించుతారు, గిన్నెలు తోముతారు. అదే పిల్లవాడు రెండు నెలల సెలవుపై ఇంటికి వచ్చాడంటే మంచినీళ్ల గ్లాసు కూడా చెల్లెలే తెచ్చివ్వాలి. విమానం దిగగానే చేతికి వచ్చిన విద్య ఎక్కడ మాయమవుతుందో మాకు అర్థం కాదు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే జరిపింది. జీతంలేని ఇంటి పనుల్లో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారని అందులో తేలింది. అసలు పాల్గొన్న పురుషులే నూటికి 26 మంది. ఇది ఏ ఒక్క మతస్థుల లెక్కా కాదు, దేశమంతటి లెక్క. అయినా మన మొహల్లాల్లో తిరిగేవారికి ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ కనిపించదు.

ఇదివరకు ఒక సాకు ఉండేది. వంట తల్లి పక్కన నిలబడి నేర్చుకునే విద్య. కూతుర్ని పొయ్యి దగ్గరకు పిలిచేవారు, కొడుకును బయటికి తరిమేవారు. ఇప్పుడు ఆ సాకు పోయింది. సెల్‌ఫోన్‌ను డబ్బాకు ఆనించి పెట్టుకుంటే చాలు, అడిగిన వంట అడిగినన్నిసార్లు చూపిస్తుంది, విసుక్కోదు. మన ఆంధ్ర పల్లెలో నూరేళ్లు పైబడిన వయసులో మస్తానమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని పుచ్చకాయలో కోడిమాంసం వండుతుంటే ప్రపంచమంతా చూసింది. 2018లో ఆమె కన్నుమూసినా ఆ వంటలు ఇంకా చూస్తూనే ఉన్నారు. ఖాజా మొయినుద్దీన్ ఆరుబయట పెద్ద పెద్ద పాత్రల్లో వండి అనాథ బాలలకు వడ్డించడమూ లక్షలమంది చూశారు. గరిట పట్టుకున్నందుకు ఆయన గౌరవం పెరిగిందే కాని తగ్గలేదు.

మాతో కలిసి సేవా కార్యక్రమాల్లో తిరిగే పింఛనుదారుల్లో కొందరు ఇలా ఫోన్ చూసి వంట మొదలుపెట్టారు. వారిని గమనించాక మాకు ఒక సంగతి బోధపడింది. మన ఇంట్లో లేని వంటతో మొదలుపెట్టడం మేలు. ఉలవచారు కానీ, పనసపొట్టు కూర కానీ, కేరళవారి పుట్టు కానీ ప్రయత్నిస్తే అమ్మ చేతి రుచితో పోల్చేవారుండరు. చెడిపోతే నవ్వుకుంటారు, కుదిరితే పొరుగింటికి గిన్నె వెళుతుంది. పులుసు వండినప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారినీ తలచుకోమన్నారు దైవప్రవక్త (స). పొరుగువారి వంటకాన్ని నేర్చుకుని వారికే రుచి చూపించడంలో ఉన్న సంతోషం శాంతి సభల్లో దొరికేది కాదు.

చూసిందల్లా నమ్మనక్కరలేదు. ఉల్లిపాయ రెండు నిమిషాల్లో ఎర్రబడినట్లు చూపిస్తారు. మధ్యమంటపై పావుగంట, ఇరవై నిమిషాలు పట్టే పని అది. తొందరపడి మంట పెంచితే అంచులు మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. నూనె వారు పోసినంత పోస్తే మన వయసువారికి గుండె వైద్యుడి దగ్గరకే దారి. పుడ్డింగులలో జెలటిన్ వేయమంటారు. అది దేనితో చేసిందో తెలియనప్పుడు, సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉండనే ఉంది.

అసలు విషయం వేరు. వంటలో ఆనందం అనే మాట మూడుపూటలా వండే ఇల్లాలికి ఎవరూ చెప్పలేదు. తనకై తాను ఎంచుకున్న పనిలో ఆనందం ఉంటుంది. తప్పించుకోలేని పనిలో అలసటే ఉంటుంది. ఆదివారంనాడు ఒక కొత్త వంట చేసి, ఫోటో తీసి, గిన్నెలు తొట్టిలో వదిలేసి లేచిపోతే దాన్ని వాటా అనరు, వేడుక అంటారు. రంజాన్‌లో చూడండి. అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా ఉన్న సమయం దుఆకు ఎంతో విలువైనదని మస్జిదులో మనం వింటాం. ఆ సమయంలో మన స్త్రీలు ఉపవాసంతోనే నూనె మూకుడు ముందు నిలబడి పకోడీలు వేస్తుంటారు. ఆ ఘడియలు వారివి కూడా. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళకు బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. ఆయన ఏ ఆహారానికీ వంక పెట్టలేదన్నది కూడా హదీసే. గడ్డం విషయంలో సున్నత్ గురించి గంటలు వాదించేవారికి ఈ సున్నత్‌లు ఎందుకు గుర్తురావో!

ఇంకొక మాట. ముస్లిముల వంట అనగానే లోకానికి తెలిసినవి రెండే: బిర్యానీ, హలీమ్. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కాని అది ఎక్కువగా బజారులో దొరికే వంట. మన ఇళ్లలో ఉన్నది వేరు. చింతచిగురుతో మాంసం వండి దాన్ని చిగుర్ గోష్త్ అంటున్నాం. ఆ చిగురు తెలుగు మాటే. ఇదే నేలలోని గోంగూరను అంబాడా అని పిలిచి మాంసంతో కలిపి వండుతున్నాం. మనం ఎక్కడినుంచో వచ్చామని మాట్లాడేవారికి ఈ గిన్నెలు చాలినంత జవాబు. అయితే ఈ వంటల కొలతలు చాలా ఇళ్లలో ఏ పుస్తకంలోనూ లేవు. అమ్మీల, నానీల చేతి అందాజ్‌లో ఉన్నాయి. వారు వెళ్లిపోతే అవీ వెళ్లిపోతాయి.

ఫోన్ చూసి పుట్టు నేర్చిన పిల్లవాడే ఇది రాయగలడు. నానీ గుప్పెడు అన్నప్పుడు ఆ గుప్పెడును తక్కెడలో వేసి తూచాలి. చింతచిగురు ఎంత నలపాలో, మాంసం ఎంత ఉడికాక వేయాలో అడగాలి. ఉర్దూ చదవడం రాని మన పిల్లలే ఎక్కువ కనుక తెలుగు లిపిలో రాయాలి. పైన ఆమె పేరు రాయాలి, ఫలానావారి భార్య అని కాదు. చింతచిగురు వేసవి మొదట్లో వస్తుంది. అప్పటికి ఒక నోటుపుస్తకం, ఒక చిన్న తక్కెడ కొని ఉంచుకుంటే సరిపోతుంది.