మా పిల్లల కిడ్నీలకు నాలుగు రోజుల ఆసరా ఇవ్వరా?



మొన్నటి వానాకాలం మా బడిలో చదివే ఒక పిల్ల తమ్మునికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నయి. మూడేండ్లోడు. తల్లిదండ్రులు నాట్లకు పోయినోళ్లు. రెండో దినానికి ఉచ్చ బందయింది, ముఖం ఉబ్బింది. ఆటోలో వేసుకొని దవాఖానకు పోతే "కిడ్నీలు పనిచేస్తలేవు, మా డయాలసిస్ మిషన్ పెద్దోళ్లకే, హైదరాబాదు తీసుకపోండి" అన్నరు. పిట్లం నుంచి హైదరాబాదు నూరు కిలోమీటర్ల పైమాటే. అక్కడ ప్రైవేటోళ్లు ముందు డిపాజిట్ కట్టుమన్నరు. ఇంకో దవాఖాన వెతుక్కుంట పోతుంటే తొవ్వలోనే తెల్లారింది. అప్పటికి తల్లి ఒడిలో పిల్లగాడు లేడు, పీనుగే ఉన్నది.

నుదుటి రాత అన్నరు ఊరి పెద్దలు. మేము ఒప్పుకోము. మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం, కూలోళ్లం. ఆ దినం నుంచి అడిగి, చదివి తెలుసుకున్నది మీ ముందర పెడుతున్నం.

షుగరు, బీపీతో ఏండ్ల తరబడి చెడిపోయిన పెద్దోళ్ల కిడ్నీలు మళ్లా బాగుపడుడు కష్టం. పసిపిల్లలకు ఉన్నట్టుండి తగిలే దెబ్బ వేరు. విరేచనాలతో ఒంట్లో నీళ్లు పోయి, లేదా డెంగీతో, పాముకాటుతో, రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్‌తో ఆగిన కిడ్నీలు, అసలు రోగం నయమైతే చాలాసార్లు మళ్లా పనికెక్కుతయి. కొందరికి కొన్ని దినాలు, కొందరికి కొన్ని వారాలు పడతది. అప్పటిదాకా రక్తంలో పేరుకునే చెడును, ఎక్కువైన నీటిని బయటికి తీసే ఆసరా కావాలె. ఎండుతున్న మడికి ఒక్క తడి అందితే పంట నిలబడ్డట్టు. ఆ ఒక్క తడి అందక మన పిల్లలు పోతున్నరు.

పెద్దోళ్ల మిషన్ పిల్లలకు ఎందుకు పనికిరాదు? పది కిలోల పిల్ల ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి 800 మిల్లీలీటర్ల వరకే. పెద్దోళ్ల గొట్టాలు, ఫిల్టరు నిండటానికే అందులో చాలా భాగం పోతది. చిన్న గొట్టాలు, చిన్న ఫిల్టరు, చెయ్యి తిరిగిన నర్సు ఉండాలె. బీపీ పడిపోయిన పిల్లలకు రాత్రింబవళ్లు మెల్లగ రక్తాన్ని వడకట్టే సీఆర్ఆర్‌టీ మిషన్ ఉన్నది. 2013లో ఇటలీలో మూడు కిలోలు కూడా లేని పసిగుడ్డును, పసిపిల్లల కోసమే తయారు చేసిన చిన్న మిషన్‌తో బతికించిండ్రు.

అసుంటి మిషన్ ఊరూరా పెట్టుమని మేము అంటలేము. మిషన్ లేకుండనే చేసే కడుపు డయాలసిస్ ఉన్నది. బొడ్డు కింద మెత్తని సన్నని గొట్టం పెట్టి, ఉప్పులు, చక్కెర కలిసిన శుద్ధమైన ద్రవాన్ని కడుపులోకి వదులుతరు. పేగుల చుట్టూ ఉండే పలుచని పొరే జల్లెడ అయితది. రక్తంలోని చెడు ఆ ద్రవంలోకి దిగుతది. దాన్ని బయటికి తీసి మళ్లా కొత్తది వదులుతరు. కరెంటు అక్కర లేదు. కావలసింది శుభ్రమైన చేతులు, ఎంత పోసినం, ఎంత వచ్చింది అని లెక్క రాసే నర్సు, కనిపెట్టుకొని ఉండే డాక్టరు. 2012లో మొదలైన ‘సేవింగ్ యంగ్ లైవ్స్’ కార్యక్రమం కింద ఆఫ్రికా, ఆసియా బీద దేశాల డాక్టర్లకు, నర్సులకు ఇదే నేర్పిండ్రు. అక్కడ అయ్యేది మన జిల్లాలో ఎందుకు కాదు?

పైసలు లేవంటరా? ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో దాన్ని 10 లక్షలకు పెంచిండ్రు. కేంద్రం 2016లో డయాలసిస్ పథకం ప్రకటించి, 2019లో కడుపు డయాలసిస్‌కు కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నయి. కార్డు మా జేబులో ఉన్నది. అర్ధరాత్రి పిల్లగాని కడుపులో గొట్టం పెట్టే చెయ్యి ఏది? కార్డు విషాన్ని వడకడతదా?

రోగం కులం చూడదు. దవాఖాన తొవ్వ మాత్రం చూస్తది. ఆసామి కొడుక్కు కారున్నది, డిపాజిట్ ఉన్నది, ఫోన్ చేస్తే పలికే డాక్టరున్నడు. వాడ పిల్లగానికి ఏమున్నది?

2025లో మధ్యప్రదేశ్ చింద్వాడా జిల్లాలో విషం కలిసిన దగ్గు మందు తాగి పసిపిల్లల కిడ్నీలు ఆగిపోయినయి. వాళ్లను కూడా రాష్ట్రం దాటించి నాగపూర్‌కు మోసుకపోవలసి వచ్చింది. ఇరవై మందికి పైగా చనిపోయిండ్రు.

చట్టం ఏమన్నది? 1992లో బెంగాల్‌లో హకీం షేక్ అనే మనిషి రైలు నుంచి పడితే, సర్కారు దవాఖానలు ఒకదాని వెనుక ఒకటి మంచం లేదు, సౌకర్యం లేదని తిప్పి పంపినయి. ఆయనతో కలిసి వ్యవసాయ కూలీల సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని, పైసలు లేవని సర్కారు తప్పించుకోరాదని 1996లో కోర్టు తేల్చింది. బాబాసాహెబ్ చేతి మీదుగా వచ్చిన రాజ్యాంగం అది. మేము అడిగేది భిక్ష కాదు.

బాన్సువాడలో రక్తపరీక్ష వెంటనే చేసి, కిడ్నీ దెబ్బను గుర్తుపట్టి, తోడు నర్సుతో అంబులెన్సులో పంపాలె. నిజామాబాద్, కామారెడ్డి వైద్య కళాశాలల దవాఖానల్లో పిల్లలకు కడుపు డయాలసిస్ పగలూ రాత్రీ చేయాలె. చేస్తమని గోడ మీద బోర్డు రాయాలె. హైదరాబాదులో సీఆర్ఆర్‌టీ బీద పిల్లలకు డిపాజిట్ లేకుండ అందాలె. వాడ వాడకు మంచినీళ్లు రావాలె. 1927లో మహద్ చెరువు కాడ బాబాసాహెబ్ మొదలుపెట్టిన నీళ్ల కొట్లాట ఇంకా ఒడవలేదు. మన జుక్కల్ ఎస్సీ రిజర్వుడు సీటు. ఆ సీటు మీద కూసున్నోళ్లు ఎవరైనా సరే, అసెంబ్లీలో ఈ మాట అడగాలె.

తల్లులారా, మీరూ ఒక మాట యాదిల పెట్టుకోండి. విరేచనాలు మొదలుకాంగనే ఓఆర్ఎస్ పట్టండి. ఎనిమిది గంటలు ఉచ్చ పోయకపోతే దవాఖానకు ఉరకండి. వాంతులు, విరేచనాలున్న పిల్లలకు నొప్పుల సూది వేయనియ్యకండి, అది కిడ్నీలను ఇంకా దెబ్బ తీయొచ్చు.

సంఘాల నాయకులారా, ఈసారి దరఖాస్తులో రోడ్డు, కమ్యూనిటీ హాలుతో పాటు ఈ డిమాండు కూడా రాయండి. ఆ తల్లి మొదటి వేలిముద్ర వేస్తనన్నది. రెండోది ఎవరిది?

జై భీమ్!