గోదావరి గట్టున రేడియో గొంతు మూగబోరాదు

భద్రాచలం: శ్రీరామనవమి నాడు మిథిలా స్టేడియానికి రాలేని వారికి సీతారామ కల్యాణాన్ని కళ్లకు కట్టించింది రేడియో. ఉషశ్రీ వ్యాఖ్యానం మొదలైతే ఉన్న ఒక్క సెట్టు చుట్టూ ఊరంతా చేరేది. ఆయన 1990లో కన్నుమూశారు. రేడియోపై సినిమా తీయదలచిన వారికి ఇంతకు మించిన కథ అక్కరలేదు.

అయితే ఈ ప్రాంతానికి రేడియో వేడుక మాత్రమే కాదు. 1986 ఆగస్టులో గోదావరి ఇక్కడ 75.6 అడుగులకు పొంగింది. 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటింది. 43 అడుగులకు మొదటి, 48కి రెండవ, 53కి మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. దుమ్ముగూడెం, చర్ల మండలాల లోతట్టు పల్లెలకు ఆ అంకెలే ప్రాణం. కరెంటు పోయి సెల్ టవర్లు పనిచేయని రాత్రి, రెండు బ్యాటరీల రేడియో మాత్రమే పలుకుతుంది.

కొత్తగూడెంలో ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రం ఉన్నది. కానీ ఎఫ్.ఎం. తరంగాలకు గుట్టలు అడ్డం. దూరం పోగల మీడియం వేవ్ ప్రసారాలను దేశంలో పలుచోట్ల ఇప్పటికే నిలిపివేశారు.

కనుక ఏ గూడెంలో ప్రసారం అందుతున్నదో, ఎక్కడ అందడం లేదో వానాకాలానికి ముందే అధికారులు పరీక్షించాలి. పంచాయతీకొక బ్యాటరీ సెట్టు ఉంచాలి. నీటిమట్టాన్ని గంటగంటకూ తెలుగుతోపాటు కోయ భాషలోనూ చెప్పాలి. అర్థం కాని హెచ్చరిక అందినా అందనట్లే.