మతి చెదిరినవారిని నిందించకండి

ఇంట్లో ఒకరు ఉన్నట్టుండి, “నా అన్నములో విషము కలుపుతున్నారు” అని తోబుట్టువులనే అనుమానిస్తే మనమేమంటాము? గాలి సోకిందంటాము, లేదా ఎవరో చేతబడి చేశారంటాము. ఆ మాట పుట్టిన తరువాత డాక్టరు దగ్గరకు వెళ్ళే ఆలోచనే మరుగున పడుతుంది.

మన దేశపు ప్రాచీన వైద్యులు దీనిని ఉన్మాదమనే వ్యాధిగా వ్రాశారు. మనస్సు, బుద్ధి, తెలివిడి, జ్ఞాపకము, ఇష్టము, శీలము, చేష్ట, ఆచారము – ఈ ఎనిమిదీ తారుమారగుటే ఉన్మాదమని చరకసంహిత చెబుతుంది. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు వీటికి గుర్తులు చెప్పాడు. ప్రియమైనది అప్రియముగా తోచుట, నిప్పు కాలినా తెలియకపోవుట, శాంతస్వభావుడు కోపిష్ఠి అగుట అటువంటివి. ఈ మార్పులను ముందుగా గమనించగలిగేది ఇంటివారే.

వాతము, పిత్తము, కఫము, ఆ మూడూ కలియుట, బయటి కారణము అని చరకుడు ఉన్మాదమును ఐదు విధములుగా విభజించాడు. ఐదవ దానిలో భూతముల ప్రస్తావన ఉంది. అయినా, తనంతట తాను చెడని మనిషిని పిశాచములు బాధింపలేవని కూడా అదే గ్రంథము చెప్పింది. అయితే తప్పును రోగి మీదనే మోపింది. ఆ మాటను నేటి వైద్యము ఒప్పుకోదు. ఈ జబ్బు ఎవరి పాపఫలమూ కాదు.

చికిత్సలోనూ మంచిచెడ్డలు రెండూ ఉన్నవి. ఆప్తులు మంచి మాటలతో ఓదార్చాలన్నది నేటికీ పనికివచ్చే సలహా. కట్టివేయుట, పాములతో భయపెట్టుట మాత్రము విడిచిపెట్టవలసినవి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టబడి తప్పించుకొనలేక 28 మంది మానసిక రోగులు మరణించారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించింది.

మన వైద్యులు వాడిన సర్పగంధ వేరు ఉన్మాదములో పనిచేస్తుందని 1931లో ఇద్దరు భారతీయ వైద్యులు ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దానినుండి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. కాని అది రక్తపోటును తగ్గిస్తుంది, కొందరిలో దిగులు పుట్టిస్తుంది. కనుక ఆ వేరును సొంతముగా వాడరాదు. ఇప్పుడు అంతకంటె మేలైన మందులున్నవి.

కాబట్టి ఆలస్యము చేయక జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 2022లో ప్రారంభమైన టెలీమానస్‌కు 14416 నంబరులో ఉచితముగా ఫోను చేయవచ్చును. నయమైనట్లు కనబడినా డాక్టరు చెప్పేవరకు మందులు ఆపకండి. రోగి అనుమానములతో వాదించవద్దు, ఎగతాళి చేయవద్దు. ప్రార్థన చేద్దాము, మాత్రలూ వేళకు వేద్దాము. ఒకదానికొకటి అడ్డు కాదు.