ఆమోదముద్ర చాటున

టాపెంటడాల్, కారిసోప్రొడాల్ అను రెండు మందులను ఒకే మాత్రగా కూర్చి పశ్చిమాఫ్రికాకు ఎగుమతి చేయుటను, అసలా మాత్రను తయారు చేయుటనే నిలిపివేయుచు 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము తీసికొన్న నిర్ణయమును మేము స్వాగతించుచున్నాము. ఘనా, నైజీరియా, ఐవరీ కోస్ట్ వీథులలో యువకులను మన దేశపు మాత్రలు మత్తులో ముంచుచున్నవని విదేశీ వార్తాసంస్థ యొకటి చూపునంతవరకు మన యధికారులకు మెలకువ రాకపోవుట సిగ్గుచేటు. అయినను ఆలస్యముగా జరిగిన మంచి పనియు మంచి పనియే. కాని ఆ నిర్ణయముతో పాటు వెలువడిన ప్రకటనలో మరియొక మాట కలదు. ఆ రెండు మందులును విడివిడిగా మన దేశమున ఆమోదము పొందినవేననియు, కలయికకు మాత్రమే ఆమోదము లేదనియు, రెండింటిలో నేదియు మాదకద్రవ్యాల చట్టపు జాబితాలో లేదనియు దాని సారాంశము. మా యభ్యంతరమంతయు ఈ మాటపైననే.

అందులో అసత్యమొక్కటియు లేదు. కురుక్షేత్రమున ధర్మరాజు పలికిన దానిలోను అసత్యము లేదు. ద్రోణుని చెవిని చేరినది గట్టిగా పలికిన భాగము, చేరనిది గొంతు తగ్గించి పలికిన భాగము. మన ప్రభుత్వము ధర్మరాజు పాటి శ్రమయైనను పడలేదు, రెండవ భాగమును మెల్లగానైనను పలుకలేదు. ఆమోదము సరే, ఎవరికి? ఎన్ని దినములు? మందుకిచ్చు ఆమోదము ప్రశంసాపత్రము గాదు, షరతులతో కూడిన అనుమతి. షరతులను మింగి అనుమతిని మాత్రమే చాటినచో, వినువానికి తోచునది యొక్కటే: జంటమాత్ర దోషి, ఒంటిమాత్ర నిర్దోషి. ఆ నిర్దోషి యనబడిన టాపెంటడాల్ మాత్రయే నేడు మన పట్టణములలో అరికాళ్ల మంటలతో నిదుర పట్టని మధుమేహునికిని, కిడ్నీ చెడి ఒళ్లునొప్పులతో మూలుగు రోగికిని నొప్పిబిళ్లగా చేరుచున్నది.

మొదట మధుమేహుల మాట. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారము మన దేశమున పది కోట్ల పైచిలుకు జనులకు చక్కెర వ్యాధి కలదు. వారిలో నెందరికో నరములు దెబ్బతిని, రాత్రివేళ దుప్పటి తగిలినను ఓర్వలేని బాధ కలుగును. ఈ బాధకు టాపెంటడాల్ పనిచేయునని చెప్పువారు అమెరికా ఔషధ సంస్థ 2012లో ఇచ్చిన ఆమోదమును చూపుదురు. ఆ యామోదమునకు ఆధారమైన ప్రయోగములలో నొకదానిని విప్పి చూచిన పాఠకులు తామే తీర్పు చెప్పగలరు. మొదట 588 మంది రోగులకు ఈ మందునిచ్చిరి. నొప్పి కొంతయైనను తగ్గి, మందునకు తట్టుకొన్న 395 మందిని మాత్రము రెండవ దశకు తీసికొని, వారిలో కొందరికి మందును, కొందరికి ఉత్తుత్తి మాత్రను ఇచ్చి పోల్చిరి. మిగిలిన 193 మంది ఆ పోలికలోనికే రాలేదు. తక్కువ మార్కుల పిల్లలను పరీక్షకు ముందే సాగనంపి, మిగిలినవారి ర్యాంకులను పూర్తిపేజీ ప్రకటనలలో అచ్చువేయించు కళాశాలలను మన తెలుగువారెరుగనివారా? ఆ లెక్క యెట్టిదో ఈ లెక్కయు నట్టిదే. ఇట్లు ఏరి కూర్చిన రోగులపై వచ్చిన ఫలితము రోగులందరికిని వర్తింపదని అమెరికా మధుమేహ సంఘమే తన మార్గదర్శకములలో వ్రాసినది. ట్రమడాల్, టాపెంటడాల్ సహా నల్లమందు జాతి మందులను మధుమేహుల నరాల నొప్పికి వాడరాదనియు చెప్పినది. ఆ దేశపు నాడీవైద్యుల అకాడమీయు 2021 చివర అదే మాట చెప్పినది. ఆమోదమిచ్చిన దేశమునందలి వైద్యసంఘములే వద్దనుచుండగా, ఆమోదమను నొక్క పదమును పట్టుకొని మన ప్రజలకు ధైర్యము చెప్పుట యేపాటి నిజాయితీ?

ఇక మూత్రపిండముల మాట. ఇచ్చట అన్యాయము మరింత లోతైనది. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున, కవిటి, సోంపేట, కంచిలి మండలములలో, కారణమిదియని నేటికిని తేలని కిడ్నీవ్యాధితో కొబ్బరితోటల నడుమ నెన్నో కుటుంబములు చితికిపోయినవి. ఆ రోగులకు వైద్యులు చెప్పు మొదటి మాట డైక్లోఫినాక్, బ్రూఫెన్ వంటి నొప్పిమాత్రలు ముట్టవద్దని. మంచిదే. కాని నొప్పి పోలేదు గదా! అప్పుడు మందుల దుకాణమున దొరకు ఓదార్పు, ఇది కిడ్నీకి హాని చేయని మాత్ర యని. కిడ్నీకి హాని చేయకపోవుట వేరు, కిడ్నీ చెడినవానికి హాని చేయకపోవుట వేరు. టాపెంటడాలును కాలేయము మార్చివేసిన పిదప దాని శేషము దాదాపు నూటికి తొంబదితొమ్మిది పాళ్లు మూత్రము ద్వారానే వెలుపలికి పోవలయును. పోవు ద్వారము మూసికొన్నచో? తీవ్రమైన కిడ్నీవ్యాధి కలవారి రక్తములో ఆ శేషము మామూలువారికంటె అయిదున్నర రెట్లు పెరుగునని మందుతో పాటు వచ్చు అమెరికా సమాచారపత్రమే చెప్పుచున్నది. అట్టి రోగులలో దీని క్షేమము నిరూపింపబడలేదనియు, కావున వాడుట తగదనియు నదే పత్రము చెప్పుచున్నది. ఆమోదితమైన మందు, ఆమోదపత్రము నందే వద్దని చెప్పబడిన రోగి! ఈ రెండవ సగము ఢిల్లీ ప్రకటనలో నేల కనబడలేదు?

ఈ గుణము టాపెంటడాలుదే కాదు. ట్రమడాల్ నుండి పుట్టు మత్తుశక్తి గల శేషము చెడిన కిడ్నీలో నిలిచిపోవును. కావుననే కిడ్నీ బాగుగా దెబ్బతిన్నవారికి దినమునకు 400 మిల్లీగ్రాముల గరిష్ఠ మోతాదును 200కు కుదించి, పండ్రెండు గంటల కొకమారు మాత్రమే ఇయ్యవలెనని నియమము. ట్రమడాల్ కొందరిలో చక్కెరను ప్రమాదకరముగా పడగొట్టును. మత్తు వలన కలిగిన తూగు నడుమ చక్కెర పడిపోవుటను గుర్తించువారెవరు? మంటలు తగ్గుటకై మధుమేహులకు వ్రాయు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ కూడ కిడ్నీ ద్వారానే పోవలసినవి. అవి నల్లమందు జాతి మందులతో కలిసినచో శ్వాస మందగించునని అమెరికా ఔషధ సంస్థ 2019లో హెచ్చరించినది. మలబద్ధము చిన్న బాధ యనుకొందుము. డయాలసిస్ రోగిలో అదియే పొటాషియమును పెంచి గుండెకు ముప్పు తేగలదు. రోగి మగతగా పడియున్నచో యూరియా పెరిగినదని ఇంటివారు సరిపెట్టుకొందురు. మాత్రను అనుమానించువా డుండడు, అది ఆమోదము పొందినది గదా!

చట్టపు జాబితాలో లేదనుట మరియొక సమర్థన. ట్రమడాలును 2018 వరకు ఆ జాబితాలో లేదు. జాబితాలో చేరిన దినముననే దానికి మత్తుగుణము పుట్టలేదు. జాబితాలో లేకపోవుట మందు యొక్క సచ్ఛీలమునకు గాదు, ప్రభుత్వము యొక్క నిదురకు సాక్ష్యము.

నియంత్రణ మితిమీరినచో క్యాన్సరుతో మరణశయ్యపై నున్నవారికి మార్ఫిన్ దొరకదను వాదము న్యాయమైనదే. 2014లో చట్టమును సడలించినది అందులకే, ఆ ద్వారము తెరచియే యుండవలయును. కిడ్నీరోగి నొప్పి నిజమనియు మేమెరుగుదుము. అందుకే వైద్యుని కనుసన్నలలో ఫెంటనిల్, బ్యుప్రెనార్ఫిన్ వంటివి కిడ్నీపై తక్కువ యాధారపడి పనిచేయునని రోగులకు తెలియవలయును. ఆ మందులు ఆసుపత్రిలో నుండవలయును గాని, నొప్పికి మారుగా మగతను అమ్ము దుకాణముతో రోగి సరిపెట్టుకొనరాదు.

మేము కోరునది పెద్ద పని గాదు. టాపెంటడాల్, ట్రమడాల్ అట్టలపై కిడ్నీరోగులకును మధుమేహులకును గల ముప్పును తెలుగులో, కంటికానునంత యక్షరములతో నచ్చువేయింపవలయును. క్రియాటినిన్ పరీక్ష చూడక ఈ మందులను వ్రాయరాదని వైద్యులకు, చీటీ లేక అమ్మరాదని దుకాణదారులకు కట్టుదిట్టముగా చెప్పి, చెప్పినది జరుగుచున్నదో లేదో తనిఖీ చేయవలయును. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమును కట్టిన రాష్ట్రమున, దాని చుట్టునున్న మందుల దుకాణములలో నేమి యమ్ముడుపోవుచున్నదో చూచుట అసాధ్యము గాదు. ఓడ యెక్కుచున్న పెట్టెను ఆపగలిగిన ప్రభుత్వము, కవిటి రైతు చేతిలోని అట్టను చూడనట్లు నటింపరాదు. ఘనా బాలునికి చేటని తోచిన పిదప ఆ మాత్రకు సెలవు చెప్పిరి. అందులో సగభాగమైన మందును చూపి, ఇది ఆమోదితమే యని మనవారికి ధైర్యము చెప్పిరి. ఎవరికి ఆమోదితమో, ఎవరికి కాదో చెప్పునంతవరకు ఆ ప్రకటనను మేము అసంపూర్ణమనము, వంచన యందుము.